జెర్రి నెత్తిన బొట్టు

ఈ ఏడు ఆయుధ పూజకి నేనింకా దేనికీ బొట్టు పెట్టలేదు.

తెల్లవారే లేచి తలంటు పోసుకున్నాను. మా ఆయన కారు, నా స్కూటీ కడిగి వాకిట్లో పెట్టారు. నేను మిక్సీ, గ్రైండరు, కుట్టుమిషను తుడిచి హాల్లో వరసగా పెట్టాను. గిన్నెలో కుంకుమ వేసి నాలుగు చుక్కల నీళ్లు కలిపి, వేలు ముంచబోయి ఆగిపోయాను. అప్పట్నించీ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చునే ఉన్నాను. ఆయన స్నానానికి వెళ్లారు. గిన్నె అంచున కుంకుమ ఎండుతోంది. నా ఎదురుగా టేబుల్ మీద మా అత్తయ్య చేసిన ప్రోగ్రామర్ ఉంది.

ప్రోగ్రామర్ అంటే మనిషి అనుకునేరు. ఆ మనుషులు మా తూంకుంటలో ఇంటికొకరున్నారు. ఇది అరచేయంత బోర్డు. వాషింగ్ మెషీన్లో, గీజర్లో, పిల్లలు ఆడుకునే కారుబొమ్మలో మైక్రోకంట్రోలర్ అని ఒక చిప్పు ఉంటుంది. కొన్నప్పుడు దానిలో ఏమీ ఉండదు, రాయని పలక. అది ఏం చెయ్యాలో మనం కంప్యూటర్లో రాసి, ఆ రాసిందాన్ని చిప్పులోకి ఎక్కించాలి. ఎక్కించే పనిముట్టు పేరు ప్రోగ్రామర్. బజార్లో తయారుగా దొరుకుతుందట. మా అత్తయ్య కొనుక్కోలేదు, చేసుకున్నారు.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆవిడకే నచ్చదు. "బోర్డు మీద చేసినవాళ్ల పేరు ఎక్కడైనా ఉంటుందా అమ్మాయ్, నంబరు ఉంటుంది గానీ" అనేవారు. నేను ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ నన్ను అమ్మాయ్ అనే పిలిచారు, కోపం వచ్చినప్పుడు కూడా.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆవిడ హైదరాబాదులో ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో లైను మీద కూర్చుని, కాలే ఇనుముతో సీసం కరిగించి చిప్పుల్ని బోర్డులకి అతికించే సోల్డరింగ్ పని చేశారు. ఆ లైనులో అందరూ ఆడవాళ్లే. చిప్పుని వాళ్లు చిప్పు అనేవాళ్లు కాదట, జెర్రి అనేవాళ్లట. నల్లటి ఒళ్లు, అటూ ఇటూ వరసగా కాళ్లు, ఒకసారి చూస్తే నిజమే అనిపిస్తుంది. "ముందుకొచ్చిన జెర్రికి కాళ్లు అతికించి పక్కకి తోసేదాన్ని. అది రేడియో అవుతుందో రాకెట్టు అవుతుందో నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను, తప్పా?" అనేవారు. తప్పని ఎవరన్నారు గనక. అంటే మాత్రం ఊరుకునే మనిషా.

రిటైరై మా దగ్గరికి వచ్చాక ఆవిడ దుకాణం డైనింగ్ టేబుల్ మీద వెలిసింది. సగం టేబుల్ మాది, సగం ఆవిడది. సోల్డరింగ్ చేసేటప్పుడు ఊపిరి బిగబట్టేవారు. ఆ సమయంలో మనం ఏమడిగినా జవాబు ఉండదు. "అత్తయ్యా, కుక్కర్ ఎన్ని కూతలొచ్చాయి?" అంటే, చుక్క ఆరాక, ఊపిరి వదిలాక, "ఆఁ, ఏమన్నావ్?" అనేవారు. అప్పటికి పప్పు అడుగంటేది. చదరపు బ్యాటరీ దొరికితే నాలుక చివర ఆనించి చూసేవారు. "పుల్లగా ఉంది, పనికొస్తుంది" అనో, "చప్పబడిపోయింది, పారెయ్" అనో తీర్పు చెప్పేవారు. పచ్చడి రుచి చూసే మనిషి మొహమే ఉండేది అప్పుడు. నేను పచ్చడి చేసినప్పుడు మాత్రం ఆ మాట స్పష్టంగా చెప్పేవారు కాదు, "బానే ఉందిలే" అనేవారు.

సామాన్లు పెట్టుకోవడానికి పాత పోపులపెట్టె తీసుకున్నారు. అది నా పోపులపెట్టెకి కవల. ఒకరోజు కంపెనీ బస్సుకి వేళైపోతోందని హడావిడిగా ఉప్మాకి నూనె పెట్టి, చేతికందిన పెట్టెలోంచి గుప్పెడు తీసి వేశాను. చిటపటమనలేదు. ఏమిటా అని గరిటె పెట్టి తిప్పితే చారల చారల గింజలు కాళ్లతో సహా తేలాయి. అత్తయ్య వచ్చి మూకుడులోకి తొంగి చూసి, "అయ్యో, నా రెసిస్టర్లు" అన్నారు. అయ్యో నీ ఉప్మా అనలేదు. చిల్లుల గరిటెతో వాటిని ఏరుకుని, నూనె తుడిచి, మళ్లీ ఏ గదిలోవి ఆ గదిలో సర్దుకున్నారు. ఆరోజు నేను ఏమీ తినకుండా జీడిమెట్ల వెళ్లాను.

జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో నాది ప్యాకింగ్ సెక్షన్. డబ్బాల మీద లేబుల్ సరైన చోట అతికిందా, తలకిందులైందా అని చూడడం నా పని. ఈ మాట ఎందుకు చెబుతున్నానో తర్వాత మీకే తెలుస్తుంది.

మాకు పడేది కాదని అనను. పడేది, టేబుల్ దగ్గర తప్ప. ఒకసారి కాలే ఇనుము పక్కన పెట్టి లోపలికి వెళ్లారు, టేబుల్ మీద చింతగింజంత నల్లమచ్చ పడింది. అది నా పుట్టింటివాళ్లు కొనిచ్చిన టేబుల్. "ఇది తినే బల్లా, మీ ఫ్యాక్టరీయా?" అన్నాను. ఆవిడ మచ్చ మీద వేలితో రాసి చూసి, "నా చెయ్యే. నాదే తప్పు" అన్నారు. ఏ గొడవనైనా ఆ రెండు ముక్కలతో తేల్చేసేవారు. కరెంటు పోయినా నాదే తప్పు, పాలు విరిగినా నాదే తప్పు. ఎదుటి మనిషికి ఇంక తిట్టడానికి ఏముంటుంది. నాకు ఒళ్లు మండేది. మళ్లీ మర్నాడు అదే టేబుల్ మీద, అదే ఇనుముతో, "వేడి చాలకపోతే అతకదు, ఎక్కువైతే కాలుతుంది. అత్తాకోడళ్లకీ అదే లెక్క అమ్మాయ్" అని తనే నవ్వేవారు. ఆ మాటకి నాకు ఇప్పుడు నవ్వు వస్తోంది. అప్పుడు రాలేదు.

ఆడవాళ్లకి బస్సు ఫ్రీ అయ్యాక ఆవిడ కాళ్లకి చక్రాలొచ్చాయి. జీరో టికెట్టు తీసుకుని శామీర్‌పేట మీదుగా మేడ్చల్ వెళ్లేవారు. అక్కడి చెరువు నిండిందో ఎండిందో మా ఇంట్లో ముందు ఆవిడకే తెలిసేది. మేడ్చల్లో టీవీలు, మోటారు స్టార్టర్లు బాగుచేసే ఒక మెకానిక్ ఆవిడ దోస్తు. అతను అక్కడివాడే, నాకంటే చిన్నవాడు. ఈవిడని పెద్దమ్మ అనేవాడు. ప్రోగ్రామర్ సర్క్యూట్ గీసిన కాగితం అతని దగ్గరే సంపాదించారు. పాత బోర్డుల నుంచి ఊడదీసిన సామాను కూడా అక్కడిదే. ఇంటికి వచ్చాక చీర కుచ్చిళ్లలోంచి, సంచిలోంచి, పర్సులోంచి ఒక్కోటీ తీసి టేబుల్ మీద పెట్టేవారు. కూరలు తెమ్మంటే మాత్రం మర్చిపోయేవారు.

ఇదంతా దేనికి అత్తయ్యా అని ఒకసారి అడిగాను. ఒక్క దీపం వెలిగించడానికట. బియ్యపుగింజంత ఎర్ర దీపం. "ఒకసారి వెలగాలి, ఒకసారి ఆరాలి. మధ్యలో నేను చెప్పినంతసేపు ఆగాలి" అన్నారు. అంత మాత్రానికి స్విచ్చు లేదా అన్నాను. "స్విచ్చయితే నేను నిలబడి నొక్కాలి. ఇది నేను చెప్పిన మాట గుర్తుపెట్టుకుని, నేను పక్కకి వెళ్లినా చేస్తుంది. పుట్టి బుద్ధెరిగి నేను చెప్పిన మాట విన్నది ఏదైనా ఉందా మీ ఇంట్లో?" అన్నారు. నవ్వుతూనే అన్నారు.

ప్రోగ్రామర్ ఒక పట్టాన కుదరలేదు. ఒకసారి ఒక డయోడు తిరగేసి పెట్టారు, ఒకసారి రెండు సీసం చుక్కలు కలిసిపోయాయి. కళ్లలో శుక్లాలు ముదురుతున్నాయి, ఆవిడేమో చెప్పరు. నల్లటి జెర్రి మీద నల్లటి గుంట ఉంటుంది ఒక కొసన, అర్ధచంద్రంలా. ఆ గుంట ఉన్న వైపే తల. తల ఎటుందో చూసి ప్రోగ్రామర్ మీది సాకెట్లో పెట్టాలి. తిరగేసి పెడితే కరెంటు వెనకనుంచి ముందుకి పారి చిప్పు మాడిపోతుంది. ఇదంతా నాకు ఈమధ్యే తెలిసింది. అప్పట్లో నాకు తెలిసిందల్లా నా గోళ్లరంగు సీసా మాయమైందని. వెతికితే ఆవిడ పోపులపెట్టెలో దొరికింది. జెర్రులన్నిటికీ ఒక కొసన ఎర్ర చుక్క ఉంది. బొట్టు పెట్టుకున్నారు కాబోలు, పిచ్చి ప్రేమ అనుకున్నాను. అది గుంట కనపడక పెట్టుకున్న గుర్తా అని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

ఆ ఏడు దసరాకి ముందు టేబుల్ గురించి మళ్లీ మాటా మాటా అనుకున్నాం. పండగపూట ఇల్లు ఇలా ఉంటే ఎలా అని నేను, పండగపూట పనిముట్లు దాచిపెడతారా అని ఆవిడ. నాకు రాత్రంతా మనసు బాగోలేదు. నవమి పొద్దున మిక్సీకి, గ్రైండరుకి బొట్టు పెడుతూ, "అత్తయ్యా, మీ సామాన్లు కూడా తీసుకురండి. ఇవీ ఆయుధాలేగా" అన్నాను.

"వీటికా?" అన్నారు.

"మీరే పెట్టండి" అని గిన్నె అందించాను. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకున్నారు. మావయ్య పోయినప్పట్నించీ కుంకుమ ముట్టలేదు. ఎవరెన్ని చెప్పినా వినలేదు. "నేను కాదమ్మాయ్. నువ్వు ముత్తైదువవి, నువ్వు పెట్టు" అని అన్నీ తెచ్చి ఒక పీట మీద సర్ది, కొంగుతో కళ్లొత్తుకుంటూ బాల్కనీలోకి వెళ్లిపోయారు. పూజ దగ్గర నిలబడలేదు. నిలబడి ఉంటే బాగుండేది.

నేను శ్రద్ధగానే పెట్టాను. కాలే ఇనుముకి, పట్టకారుకి, ప్రోగ్రామర్‌కి. మర్నాటి కోసం మెకానిక్ దగ్గర తెచ్చుకున్న కొత్త జెర్రులు స్పంజి ముక్కకి గుచ్చి ఉన్నాయి. పాతవాటికి బొట్టుంది, పాపం వీటి నుదురు బోసిగా ఉందనుకున్నాను. ఒక కొసన గుంట ఉంది, అక్కడ పెడితే కుంకుమ గుంటలోకి జారిపోతుంది. రెండో కొస నున్నగా ఉంది. చీపురుపుల్ల ముంచి, అన్నిటికీ ఆ నున్నటి కొసనే, ముత్యాల్లా, ఒక్కటీ పక్కకి పోకుండా పెట్టాను. పెట్టి చూసుకుని మురిసిపోయాను కూడా.

మర్నాడు విజయదశమి. దీపం వెలిగించడానికి ఆవిడ ముహూర్తం పెట్టుకున్న రోజు అదే. పండక్కి వచ్చిన చుట్టాలు ఉన్నారు. ఎప్పుడూ ఆ టేబుల్ వైపు చూడని మా ఆయన కూడా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. పాత కంప్యూటర్లో ఆవిడ రాసుకున్నది సిద్ధంగా ఉంది. స్పంజిలోంచి ఒక కొత్త జెర్రిని తీసి కళ్లకి దగ్గరగా పెట్టుకున్నారు. "వీటికి గుర్తు పెట్టానా నేను? పెట్టినట్టున్నానే" అని తనలో తను అనుకోవడం నేను విన్నాను. ఎర్ర చుక్క ఉన్న వైపు పైకి వచ్చేలా సాకెట్లో కూర్చోబెట్టి స్విచ్చు వేశారు.

కంప్యూటర్ మీద ఏదో తప్పని వచ్చింది. సరిగ్గా కూర్చోలేదేమో అని ఆవిడ చూపుడువేలితో గట్టిగా నొక్కారు. చుయ్యిమంది. మాడువాసన వచ్చింది. చుట్టాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. మా ఆయన లేచి ప్లగ్గు పీకేశారు. వేలి మీద చిన్న చదరం కాలింది, ఎర్రగా.

"ఇంక చాలమ్మా" అన్నారాయన. "కళ్లు కనపడవు, ఇల్లు తగలబెట్టుకుంటావు. నా మీద ఒట్టేసి చెప్పు, మళ్లీ వీటి జోలికి వెళ్లనని." ఆవిడ చెయ్యి తీసుకుని తన నెత్తిన పెట్టుకున్నారు.

ఆవిడ రెండో చేతిలో మాడిన జెర్రి ఉంది. దాన్ని వెలుతురుకి పెట్టి అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత ఒకసారి నా వైపు చూశారు. "ఏమిటత్తయ్యా?" అన్నాను.

"ఏం లేదమ్మాయ్. తిరగేసి పెట్టాను. నా చెయ్యే, నాదే తప్పు" అని, కొడుకు నెత్తిన చేయి ఉంచే, "ఒట్టు. ముట్టుకోను" అన్నారు.

ఆ వారమే సామానంతా రెక్సిన్ సంచిలోకి, సంచి అటక మీదికి వెళ్లింది. పాత కంప్యూటర్ని పాతసామాన్లవాడికిచ్చి ప్లాస్టిక్ టబ్బులు తీసుకున్నాను. ఆవిడ రాసుకున్నది అందులోనే ఉందని నాకు తట్టలేదు. తట్టినా ఇచ్చేదాన్నేమో. టేబుల్ ఖాళీ అయింది, నాకు హాయిగా ఉంది. అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఆ తర్వాత శుక్లాల ఆపరేషన్ అయింది. "గోడ మీద బల్లి మీసం కూడా కనిపిస్తోంది" అన్నారు. బల్లికి మీసాలుంటాయా అని ఇంట్లో అందరం నవ్వాం. కళ్లొచ్చాయిగా, మళ్లీ మొదలుపెట్టకూడదా అని మా ఇంట్లో ఒక్కరూ అనలేదు. నేనూ అనలేదు.

అనకపోవడం ఒక ఎత్తు. నేను చేసింది ఇంకోటి ఉంది. ఇంటికి ఎవరొచ్చినా ఈ కథ చెప్పేదాన్ని. "మా అత్తయ్య జీవితమంతా సోల్డరింగే చేశారా, చివరికి చిప్పు తిరగేసి పెట్టి వేలు కాల్చుకున్నారు" అని. బాగా చెప్పేదాన్ని, ఊపిరి బిగబట్టడం, నాలుకతో బ్యాటరీ చూడడం, చుయ్యిమనడం, అన్నీ అభినయించి. నవ్వనివాళ్లు లేరు. ఆవిడ పక్కనే కూర్చుని ఉండేవారు. కథ అయిపోయే చోటికి రాగానే, అడక్కుండానే, మచ్చ పడ్డ చూపుడువేలు ఎత్తి చూపించేవారు. "అవునర్రా, నా చెయ్యే" అనేవారు. నిరుడు నిద్రలోనే పోయారు. పదకొండో రోజు భోజనాల దగ్గర కూడా నేను ఆ కథ చెప్పాను. ఏడుస్తూ చెప్పాను, కానీ చెప్పాను. ఈసారి వేలెత్తి చూపించేవాళ్లు లేరు.

మొన్న సంవత్సరీకం అయ్యాక అటక సర్దుతుంటే సంచి దొరికింది. పారెయ్యడానికి చేతులు రాలేదు. ఎవరికైనా పనికొస్తే మంచిదని స్కూటీ మీద మేడ్చల్ తీసుకెళ్లాను. మెకానిక్ నన్ను గుర్తుపట్టలేదు గానీ సంచిని గుర్తుపట్టాడు.

"పెద్దమ్మ పోయిందని నాకు షానా రోజులకు తెల్సిందక్కా. ఒక్క ఫోన్ జేస్తె రాకపోదునా" అన్నాడు. అతని పేరు మా ఇంట్లో ఎవరి ఫోన్లోనూ లేదు.

"ఇవి మీరే ఉంచుకోండి" అన్నాను. "ఆవిడకి చూపు పోయింది గదా, చిప్పు తిరగేసి పెట్టి ఒకసారి..." అని నా కథ మొదలుపెట్టాను. అలవాటుగా చెయ్యి కూడా లేచింది.

అతను నవ్వలేదు. చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

"ఎవరన్నరక్కా గామాట? పెద్దమ్మ చెయ్యి తప్పువడదు. గా మాడిన జెర్రి నా కాడికే తెచ్చింది, పండుగైనంక. సూడంగనే చెప్పిన, బొట్టు ఉల్టా ఉంది పెద్దమ్మా, తలకాయి కాడ ఉండాల్నాయె, తోక కాడ ఉన్నదని. నవ్వింది. నాకూ గట్లనే అనిపించిందయ్యా, నీతోటి చూపిద్దామని వచ్చిన అన్నది."

"బొట్టా?" అన్నాను.

"కుంకుమ. పూజల పెట్టిన్రట గద. పెద్దమ్మ తన గుర్తే అనుకొని గట్ల పెట్టేసింది." అతను నా మొహం చూసి ఆగాడు. ఎవరు పెట్టారో అతనికి తెలుసు. నేనే అని తెలిసే చెబుతున్నాడని నాకు అర్థమైంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"నేను గదే అడిగిన. నీ కోడలికి నేను చెప్త పెద్దమ్మా అన్న. వద్దంటె వద్దన్నది. 'మొదటిసారి నా సామాన్ల మీద చెయ్యేసిందయ్యా ఆ పిల్ల, అదీ పూజ చెయ్యడానికి. అందువల్లే మాడిపోయిందని ఎట్లా చెప్పను' అన్నది. పెద్దమ్మ మాట పెద్దమ్మ లెక్కనే చెప్తున్న, నాది గాదు."

"మరి మళ్లీ చేసుకోవచ్చుగా. కళ్లు బాగయ్యాయి కదా."

"కొడుకు మీద ఒట్టు వెట్టిన అన్నదక్కా. ఒట్టు దీసి గట్టు మీద పెట్టమని అడుగు మరి అన్న. అడగాల్నంటె తప్పు ఎవరిదో చెప్పాలె గద, వద్దులే అన్నది. ఇగ నేనేమంట?"

సంచిలోంచి స్పంజి ముక్క తీశాడు. మాడినదాన్ని మినహాయిస్తే ఆ పూజనాటి జెర్రులన్నీ ఉన్నాయి. నున్నటి కొసన కుంకుమ తుడిచిన ఎర్రటి మరక ఉంది. గుంట ఉన్న కొసన గుండ్రంగా గోళ్లరంగు చుక్క ఉంది. నా సీసాలోదే, ఆ రంగు నాకు తెలుసు. ముట్టుకోనని ఒట్టు వేశాకే ఆ చుక్కలు పెట్టి ఉండాలి. అంటే ఒట్టు కూడా ఆ ఒక్కసారికి తప్పారు. తరవాత పెట్టేవాళ్లెవరైనా నాలా తిరగేస్తారని భయపడి ఉంటారు.

అతను మూలనున్న పాత కంప్యూటర్ మీద దుమ్ము దులిపి, వెనక ప్రింటర్ పెట్టే చోట అత్తయ్య ప్రోగ్రామర్ తగిలించాడు. ఒక జెర్రిని చుక్క చూసి కూర్చోబెట్టాడు. స్క్రీన్ నిండా వరసలు వరసలుగా అక్షరాలు వచ్చాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. ఏదో రాసి ఉంచారు కాబోలు అనుకున్నాను.

"మిషిన్ ఫస్ట్ క్లాస్ ఉన్నదక్కా. ఒక్క తప్పు లేకుంట సదువుతాంది" అన్నాడు.

"ఏముంది అందులో?"

"అంత ఎఫ్ ఎఫ్ అని వస్తాంది. గట్లుంటె ఖాళీ అన్నట్టు." ఇంకోటి పెట్టాడు. మరోటి పెట్టాడు. "అన్ని ఖాళీనే ఉన్నయక్కా. ఏం ఎక్కియ్యలే పెద్దమ్మ."

మిషన్ బాగుంది. కళ్లు బాగున్నాయి. తల ఎటో తోక ఎటో గుర్తు కూడా పెట్టుకున్నారు. దీపం ఒకసారి వెలిగి ఒకసారి ఆరడానికి ఇంకేమీ అడ్డులేదు, నేను తప్ప. షాపులో నలుగురు చూస్తుండగానే ఏడ్చాను. అతను టీ తెప్పించాడు. దీపం ఆరి వెలిగేటట్టు తను రాసి ఎక్కిస్తానన్నాడు. వద్దన్నాను. అది అతను చెప్పినంతసేపు ఆగుతుంది, ఆవిడ చెప్పినంతసేపు కాదు. ఆవిడ ఎంతసేపు చెప్పారో ఇప్పుడు ఎవరికి తెలుసు. ఆ కంప్యూటర్ నేను టబ్బులకిచ్చాను.

"మీరు ఉంచుకోండి" అని మళ్లీ అన్నాను. "నేనుంచుకోనక్కా, నువ్వే తీస్కపో" అన్నాడు.

ఇంటికి వచ్చి, సంచిలో లేని ఆ మాడినదాని కోసం ఇల్లంతా, చివరికి దేవుడి గూడు కూడా వెతికాను. లక్ష్మీదేవి పటం వెనక, ఆవిడ ముట్టని కుంకుమభరిణలో, మాడిన జెర్రి దొరికింది. మిగతావాటికి తుడిచారు గానీ దీనికి తుడవలేదు. నున్నటి కొసన నేను పెట్టిన బొట్టు ఎలా పెట్టానో అలాగే ఉంది.

అప్పట్నించీ ఈ మాట నాలోనే ఉంది. మా ఆయనకి చెప్పలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అని నాకు నేనే చెప్పుకున్నాను. చెబితే నా బరువు దిగుతుంది, ఆయన మీద పడుతుంది. ఒట్టు వేయించుకున్నది ఆయన. కొరివి పెట్టింది ఆయన. అత్తయ్య మా ఇద్దరికీ ఈ బాధ లేకుండా చూసుకుని వెళ్లారు. నేను ఇప్పుడు నోరు విప్పితే ఆవిడ మూసిపెట్టిందంతా విప్పినట్టే. విప్పకపోతే, మా ఇంట్లో, మా చుట్టాల్లో, ఆవిడ ఎప్పటికీ చిప్పు తిరగేసి వేలు కాల్చుకున్న ముసలమ్మే. చెయ్యి తప్పని మనిషికి ఆ పేరు తెచ్చింది నేను, ఊరూరా చాటింది నేను. ఎటు చూసినా నాదే తప్పు. ఈ మాట అనడం ఇంత కష్టమని, ఆవిడ అంత తేలిగ్గా అంటుంటే తెలియలేదు.

మా ఆయన స్నానం చేసి పంచె కట్టుకుని వచ్చారు. హాల్లో వరసగా ఉన్నవాటిని, నన్ను, ఎండిపోయిన గిన్నెని చూశారు.

"ఇంకా బొట్లు పెట్టలేదేం?"

"చెయ్యి రావట్లేదు" అన్నాను.

ఒంట్లో బాగోలేదనుకున్నట్టున్నారు. గిన్నెలో మళ్లీ నీళ్లు పోసి తనే కలిపారు. వాకిట్లోకి వెళ్లి కారుకి, స్కూటీకి పెట్టారు. లోపలికి వచ్చి మిక్సీకి, గ్రైండరుకి, కుట్టుమిషనుకి పెట్టారు. తర్వాత టేబుల్ దగ్గరికి వచ్చి, ప్రోగ్రామర్‌ని చూసి నిలబడిపోయారు. అటక మీద ఉండాల్సింది ఇక్కడ ఎందుకుందని అడగలేదు. టేబుల్ మీది నల్లమచ్చ పక్కన గిన్నె పెట్టి, వేలు కుంకుమలో ముంచి, సాకెట్లో కూర్చున్న జెర్రి మీదికి తెచ్చారు. నున్నటి కొసకే వెళ్తోంది ఆ వేలు. గుంటలో పెడితే జారిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది.

ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"అటు కాదు. ఈ చుక్క ఉన్న వైపు. ఇటు తప్ప ఇంకెక్కడా పెట్టకూడదు."

"ఎక్కడ పెడితే ఏమైంది, పూజకేగా?" అన్నారు.

"కూర్చోండి, చెప్తాను" అన్నాను. "ముందు మీ నెత్తి మీద అమ్మ వేసిన ఒట్టు తీసి గట్టున పెట్టండి."